రాజ్మా, నీ వాంతులు, మీ నాయన సొరకాయ జ్యూసు

తిరుపతి,
ఆదివారం రాత్రి

చిన్నా,

ఫోన్లో చెప్తే "సరేమ్మా సరేమ్మా" అని పెట్టేస్తావని కూర్చోని రాస్తా ఉండా. ఇది కూడా వేలితో కిందికి తోసేసి బొటనవేలు బొమ్మ పెడ్తావని తెలుసు, అయినా రాస్తా, వారం నుంచి నా తలకాయిలో ఇదే తిరగతా ఉండాది. ఒంట్లో ఎట్లుండాది ఇప్పుడు? మజ్జిగన్నం తిన్నానన్నావు, మంచిది, ఇంకో రెండు రోజులు కారం తగ్గించు.

నువ్వు చెప్పింది నేను మళ్ళీ ఒకసారి రాస్తా, తప్పుంటే చెప్పు. మీ రూమ్మేట్ ఆన్‌లైన్లో స్లో కుక్కర్ (కరెంటు మీద సన్నవేడిలో గంటలు గంటలు ఉడికించే గిన్నె) తెప్పించినాడు. శనివారం రాత్రి ఎర్ర రాజ్మా రెండు గంటలు నానేసి, ఆ నీళ్ళతోనే కుక్కర్లో పోసి, "లో" అనే తక్కువ వేడి సెట్టింగులో పెట్టి పడుకున్నారు. పొద్దున చూస్తే అక్కడక్కడా పలుకుగా ఉండాయి కానీ మసాలా బాగా పట్టిందని ముగ్గురూ పదకొండుకు అన్నంలోకి కలుపుకున్నారు, ఒంటిగంట కంతా ముగ్గురూ బాత్రూం ముందర క్యూ. క్లినిక్‌లో డాక్టరు ఇంజెక్షన్ వేసి, ఓఆర్ఎస్ రాసి, బయట తిండి మానేయండి బాబూ అని పంపించినాడు. పాపం ఆయనకేం తెలుసు, నెలకంతా మీరు ఇంట్లో వండుకోని తిన్నది ఆ ఒక్క పూటే. సాయంత్రానికి ముగ్గురూ లేచి టీ తాగినారని నువ్వు చెప్పినప్పుడే నాకు అర్థమైపోయింది. తిన్న రెండు గంటలకు మొదలై, పొద్దుగూకే లోపల సర్దుకునిందంటే అది రాజ్మా పనే, నాకైతే డౌటే లేదు.

అంతటితో ఐపోయుంటే ఈ ఉత్తరమే లేదు. మంగళవారం నువ్వు ఒక వీడియో పంపినావే, టైట్ టీషర్టు వేసుకున్న ఒకాయన, పప్పుల్లో లెక్టిన్, పాలకూరలో ఆక్సలేట్, ఉర్లగడ్డలో సోలనిన్, టమాటాలో ఇంకేదో, మొక్కలన్నీ మనల్ని చంపడానికే చూస్తా ఉండాయని అరస్తా ఉండాడు, దాని కింద నువ్వు "మా, ఇంక పప్పు, కూరగాయ అన్నీ బంద్, చికెన్ గుడ్లు మాత్రమే" అని పెట్టినావు. ఆర్నెల్ల కిందట నువ్వే కదరా అన్నీ పచ్చిగా తింటేనే ఎంజైములు ఉంటాయి, వండితే చచ్చిపోతాయి అని కీరకాయ కొరుక్కుంటా నాకు క్లాసు పీకినావు? ఇరవై ఎనిమిదేండ్లు జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పినా, ఊరోళ్ళ పిల్లోళ్ళకంతా చెప్పి ఇంట్లో ఉండే పిల్లోడికి చెప్పలేదే అని నాకు కొంచెం సిగ్గుగా కూడా ఉండాది. అందుకే ఈ క్లాసు. అటెండెన్స్ తీసుకోనులే.

మొదట ఒకటి ఒప్పుకుంటా. ఆ టీషర్టాయన చెప్పిన పదార్థాలన్నీ నిజంగానే ఉండాయి. మొక్కకు కాళ్ళు లేవు, పురుగొస్తే పరిగెత్తలేదు, మేకొస్తే తన్నలేదు, దానికుండేది ఒకటే, తన ఒంట్లో తనే చేదో, ఘాటో, దురదో, విషమో తయారుచేసుకునేది. 1990లో బ్రూస్ ఏమ్స్ అని అమెరికాలో ఒక పెద్ద బయోకెమిస్టు వాళ్ళ టీమ్‌తో కలిసి లెక్కేసి రాసినాడు, అమెరికా వాళ్ళు తిండి ద్వారా తీసుకునే పురుగుమందుల్లో తూకం ప్రకారం 99.99 శాతం మొక్కలు సొంతంగా తయారుచేసుకునేవే అని, మనిషికి రోజుకు సుమారు ఒకటిన్నర గ్రాము అని. ఒకటిన్నర గ్రాము! ఆయన చెప్పింది భయపడమని కాదు, ఇంత తింటా కూడా బతికే ఉండాం కదా, కొంచెం ఆలోచించండి అని. వీడియోలోళ్ళు మొదటి సగం తీసుకోని రెండో సగం వదిలేస్తారు.

గింజ విషయానికొస్తే, గింజంటే మొక్కకు బిడ్డ. ఆ బిడ్డ యాడ పడతాదో తెలీదు, తల్లి పక్కన ఉండదు, అందుకే మొలకెత్తేదాకా తినడానికి తల్లి ఒక సద్దిమూట కట్టి పంపిస్తాది, అదే పప్పు బద్ద. ఆ సద్దిమూట ఎవడన్నా దోచుకుంటే వాడి కడుపు తిప్పేయాలని దాంట్లోనే కొంచెం మందు కూడా పెట్టి పంపిస్తాది. ఎంత తెలివిగల తల్లి చూడు, నేను నీకు పూణె పంపేటప్పుడు నిమ్మకాయ ఊరగాయ మాత్రమే పెట్టినా. పండు సంగతి వేరే. పండు మనకిచ్చే కూలి, తినేసి గింజను దూరంగా ఊసేయండి అని. అందుకే సీతాఫలం కండ అంత తియ్యగా ఉంటాది, గింజ మాత్రం విషం, పేలకు అవ్వ ఆ గింజలు నూరి తలకు పెట్టేది గుర్తుందా, కండ్లకు తుండుగుడ్డ గట్టిగా కట్టేది, ఒక్క చుక్క కంట్లో పడితే కన్ను దెబ్బతింటాదని. ఇప్పుడు చెప్తా ఉండా, అసలు ఆ పనే చేయకూడదు, పేలమందు షాపులో దొరకతాది. పచ్చిమామిడి కాయ తొడిమ దగ్గర సొన కారి నీ పెదవి కాలి పొక్కింది కదా, ఆరో తరగతిలో, ఆ బెంగుళూరు కాయ పని కూడా ఇదే. కాయ ఇంకా రెడీ కాలేదు, అప్పుడే చెయ్యి పెట్టొద్దు అని.

రాజ్మాలో ఉండేదాని పేరు ఫైటోహీమాగ్లుటినిన్, నోరు తిరక్కపోతే పీహెచ్ఏ అనుకో. లెక్టిన్లలో ఇది ఒక రకం. పేగు లోపలి గోడ మీద కణాలకు చక్కెర గొలుసులు ఉంటాయి, ఇది పోయి వాటికి జిగురు మాదిరి అతుక్కుంటాది, పేగు గోల పెడ్తాది, కడుపు మొత్తం బయటికి తోసేస్తాది. అంతా కలిపి నాలుగైదు పచ్చి గింజలు చాలు మనిషిని వాంతులు పెట్టించడానికి, మీరు గిన్నెడు తిన్నారు. ఎర్ర రాజ్మాలోనే ఎక్కువ, తెల్లదాంట్లో సుమారు మూడోవంతే ఉంటాది. తమాషా ఏందంటే ఇదే పీహెచ్ఏ లేకపోతే ల్యాబుల్లో క్రోమోజోముల టెస్టు చేసేది కష్టమయ్యేది, 1960లో పీటర్ నోవెల్ అనే ఆయన చూసినాడు, రక్తంలో తెల్లకణాల మీద ఇది వేస్తే ఒక్కో కణం రెండుగా విడిపోవడం మొదలు పెడ్తాదని, విడిపోయేటప్పుడే కదా క్రోమోజోములు కనపడేది. నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మా మేడం ఇది చెప్తే, చీ రాజ్మాకు ఇంత కథ ఉందా అనుకున్నా, అప్పటికి నేను రాజ్మా కంటితో చూసింది కూడా లేదు, మన పక్క ఎవురు తింటారు, అలసందలు, ఉలవలు, అనపకాయలే కదా.

ఇప్పుడు అసలు తప్పు యాడ జరిగిందో చూడు. ఈ లెక్టిన్ ఒక ప్రోటీన్, బాగా మరిగే నీళ్ళలో, అంటే నూరు డిగ్రీల్లో, పది నిమిషాలు దాటితే విరిగిపోతాది, అరగంట మరగనిస్తే ఇంకా సేఫ్ అని అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్డీఏ చెప్తాది. పచ్చి గింజల్లో కొలిస్తే ఇరవై వేల నుంచి డెబ్బై వేల యూనిట్లు ఉండేది, బాగా ఉడికినాక రెండొందలు నాలుగొందలకు పడిపోతాది. కానీ స్లో కుక్కర్ ఆ "లో" సెట్టింగులో చాలాసార్లు మరుగు దాకా పోదు, డెబ్బై ఐదో ఎనభయ్యో దగ్గరే గంటలు గంటలు ఉంటాది. ఎనభై డిగ్రీల్లో ఉడికీ ఉడకని రాజ్మా పచ్చిదానికంటే ఐదు రెట్లు దాకా ఎక్కువ విషం అవుతాదంట! అంటే మీరు రాత్రంతా కరెంటు కాల్చి దాన్ని ఇంకా పదును పెట్టినారు. మెత్తగా అవడం, ఉడకడం ఒకటి కాదురా. నేను ఎప్పుడూ చెప్పేది అదే, గిన్నెలో బుడగ లేస్తా ఉండాలి.

మీకు మాత్రమే అనుకోవద్దు. 1988లో బ్రిటన్లో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ క్యాంటీన్లో "ఆరోగ్యకరమైన తిండి రోజు" అని పెట్టినారు, దాంట్లో ఒక ఐటెం రాజ్మా. ముప్పై ఒక్క ప్లేట్లు పోయినాయి. మధ్యాన్నం మూడింటికి ఒకాయన ఆపరేషన్ థియేటర్లోనే వాంతి చేసుకున్నాడు, తర్వాత నాలుగు గంటల్లో ఇంకో పదిమంది. మరుసటి రోజుకంతా అందరూ బాగైపోయినారు, క్రిములేమో కనపడలేదు, గింజల్లో పీహెచ్ఏ మాత్రం మోతాదుకు మించి ఉండాది. డాక్టర్లకే అట్లయితే సాఫ్ట్‌వేర్ పిల్లోళ్ళు మీరెంత.

అవ్వ ఈ పేర్లేమీ వినింది లేదు. చలికాలం మంచు పడతానే పాకాల సంతలో మూటలు మూటలు అనపకాయలు వచ్చేవి, (మీ గుంటూరు రూమ్మేట్‌కు చెప్పేటప్పుడు జాగ్రత్త, వాళ్ళకు ఆనపకాయంటే సొరకాయ, మనకు అనపకాయంటే చిక్కుడు జాతి గింజ, పోయినసారి మీరిద్దరూ అరగంట కొట్లాడుకున్నారు) అవి ఒలిచి, రాత్రి నీళ్ళల్లో పోసి, పొద్దున ఆ నీళ్ళు పెరట్లో పారబోసి, ఇంటిల్లిపాదీ కూర్చోని ఒక్కొక్క గింజ వేళ్ళ మధ్యన నొక్కి పితికితే తోలు చేతిలో, పప్పు గిన్నెలో. పితికిపప్పు! టెంకాయ, ధనియాలు నూరి వేసి సంగట్లోకి చేస్తే నువ్వు రెండు ముద్దలు ఎక్కువ తినేవాడివి. ఒకసారి నేను కాలేజీ నుంచి అలిసిపోయి వచ్చి, నానేసిన నీళ్ళతోనే పొయ్యి మీద పెట్టబోయినా, అవ్వ గిన్నె లాక్కోని "ఆ నీళ్ళు గొడ్డు గూడా తాగదు మే" అనింది. బాటనీ పీజీ చేసిన కోడలు నేను. తర్వాత కూర్చోని ఆలోచిస్తే, తోల్లో ఉండేది టానిన్లు, ఎండుగింజల్లో అయితే సైనైడ్ పుట్టించే గ్లూకోసైడ్లు కూడా కొంచెం ఉంటాయి, అవి నీళ్ళల్లో కరిగేవే, నానేసి పారబోస్తే పోతాయి, మిగిలిన లెక్టిన్, ట్రిప్సిన్ ఇన్హిబిటర్ (ప్రోటీన్ అరగనీకుండా అడ్డుపడేది) పొయ్యి మీద పోతాయి. మా టెక్స్ట్‌బుక్కు రెండు పేజీల్లో చెప్పింది అవ్వ ఒక తిట్టులో చెప్పేసింది. చామగడ్డలో చింతపండు ఎందుకు పోస్తామనుకున్నావు? దాంట్లో ఉండే ఆక్సలేట్ సూదులు గొంతులో గుచ్చుకోకుండా. దోసె పిండి పులిసేటప్పుడు ఫైటిక్ యాసిడ్ తగ్గి ఐరన్, జింకు ఒంటికి పట్టేది కూడా ఇట్లాంటిదే. అంటే పెద్దోళ్ళు చేసిందంతా కరెక్టని కాదు, సీతాఫలం గింజల సంగతి పైన చెప్పినా కదా.

మీ నాయన కథ నీకు ఇంతవరకు చెప్పలేదు, చెప్పొద్దన్నాడు, ఇప్పుడు చెప్పేస్తా. రెండేండ్ల కిందట షుగరు వచ్చిందని తెలిసినాక పొద్దున్నే వాకింగ్ మొదలు పెట్టినాడు కదా, గ్రౌండ్ గేటు బయట తోపుడు బండ్లు ఉంటాయి, బూడిదగుమ్మడి, కాకర, సొరకాయ, ఏది అడిగితే అది పచ్చిగా మిక్సీలో వేసి గ్లాసులో పోసి ఇస్తారు. ఒకరోజు సొరకాయ జ్యూసు చేదుగా ఉందంట. మీ నాయన అడిగితే బండాయన "చేదుంటేనే సార్ షుగరుకు మంచిది" అన్నాడంట, ఈయన నమ్మి సగం గ్లాసు మింగినాడు. ఇంటికొచ్చి చెప్పు విడస్తానే మొదలు, వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా చెమట, బీపీ పడిపోయింది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కిస్తా ఏం తిన్నారు ఏం తిన్నారు అని అడుగుతా ఉంటే ఇడ్లీ అంటాడే కానీ జ్యూసు మాటెత్తడు, జ్యూసు తిండి కాదంట, మందంట! నేనే అడిగి అడిగి బయటికి లాగినా. రెండు రోజులు ఉండి వచ్చినాడు.

సొర, కీర, గుమ్మడి, బీర అంతా ఒకటే కుటుంబం, వాటి అడవి చుట్టాల్లో కుకర్బిటాసిన్ అని భలే చేదు విషం ఉంటాది. మనిషి వేలయేండ్లుగా చేదు లేనివి ఏరి ఏరి విత్తనం పెట్టుకుంటా వచ్చినాడు కాబట్టి మనం తినే సొరకాయ చప్పగా ఉంటాది, కానీ ఎప్పుడన్నా ఒక కాయలో ఆ పాత బుద్ధి బయటికొస్తాది. కాకరకాయ చేదు వేరే, అది దాని సహజం, సొరకాయ చేదైతే మాత్రం అది అపాయం. వండినా పూర్తిగా పోదు, దానికి విరుగుడు మందు కూడా లేదు. 2010లో ఢిల్లీలో ఒక సైంటిస్టే ఇట్ల చేదు సొరకాయ రసం తాగి చనిపోయినాడు, తర్వాత మన దేశ వైద్య పరిశోధన మండలి, ఐసీఎంఆర్, ఒక కమిటీ వేసి పరిశీలించి చెప్పింది ఏందంటే, జ్యూసు చేసే ముందు చిన్న ముక్క కోసి నాలిక మీద పెట్టుకో, చేదుంటే పారేయ్, తాగినాక ఒంట్లో తేడాగా ఉంటే వెంటనే ఆస్పత్రికి పో. ఇప్పుడు మీ నాయన మన ఇంట్లో సొరకాయ తరిగేటప్పుడు ముక్క నోట్లో వేసుకోని, కండ్లు మూసుకోని, అర నిమిషం తర్వాత "ఊ" అంటాడు, అప్పుడు నేను పోపు పెట్టాల. నవ్వొస్తాది కానీ నవ్వను.

మీ ఇద్దరి విషయంలో నాకు ఎక్కువ నచ్చింది ఒంటి తెలివి. నాలిక మీద చేదును పట్టుకునే రిసెప్టార్లు సుమారు పాతిక రకాలు ఉంటాయి మనిషికి, తీపికి ఇన్ని లేవు. అంటే ఒంటికి తెలుసు, దొంగలు ఎక్కువ ఏ దారిలో వస్తారో. నాలికను దాటితే కడుపు, వాంతి అంటే జబ్బు అనుకుంటాం కానీ శానాసార్లు అదే వైద్యం. పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకొకసారి పూర్తిగా కొత్తగా వచ్చేస్తాది, నువ్వు ఈ ఉత్తరం చదివేటప్పటికి పోయిన ఆదివారం దెబ్బతిన్న పొర నీ ఒంట్లోనే లేదు. అది కూడా దాటినదాన్ని, పేగుల నుంచి వచ్చే రక్తమంతా నేరుగా గుండెకు పోకుండా ముందు లివర్‌కు పోతాది, అది మన అలిపిరి చెక్‌పోస్ట్ అనుకో. కొండకు పోయే ప్రతి బండీ ఆడ ఆగాల్సిందే, ప్రతి బ్యాగూ దించి చూపించాల్సిందే. లివర్ కూడా అంతే, లోపలికొచ్చిన కొత్త పదార్థానికి ఒక ముక్క అతికిచ్చి నీళ్ళల్లో కరిగేట్లు చేసి, ఉచ్చలోనో పైత్యరసంలోనో బయటికి పంపిస్తాది. మామూలు రోజు బండ్లు చకచకా పోతాయి. వైకుంఠ ఏకాదశి రోజు వచ్చినట్టు ఒక్కసారిగా వచ్చి పడితే మాత్రం యాడాడికో క్యూ నిలబడిపోతాది. మోతాదంటే అదే, ఇంకేం లేదు.

నీకు ఆరేండ్లప్పుడు సురుటుపల్లి తీసకపోయినాం, నాగలాపురం దాటినాక, తమిళనాడు బార్డర్లో. లోపల శివుడు లింగంగా కాదు, అమ్మవారి ఒళ్ళో తల పెట్టుకోని పడుకోని ఉంటాడు, హాలాహలం మింగినాక కండ్లు తిరిగి పడుకున్నాడని కదా కథ. అంత మంది ముందర నువ్వు గట్టిగా "అమ్మా, స్వామికి జొరమా?" అని అడిగినావు, పూజారి కూడా నవ్వినాడు. నువ్వు సోఫాలో అడ్డంగా పడుకోని వీడియో కాల్ చేసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది, కాకపోతే నీ తల కింద ల్యాప్‌టాప్ బ్యాగు ఉండాది.

లివర్‌కు కూడా సరుకు కావాల, ఊరికే పని చేయదు. కర్రపెండలం తెలుసు కదా, సేలం పక్క సగ్గుబియ్యం చేసేది దాంతోనే. దాంట్లో లినమరిన్ అని ఉంటాది, గడ్డ నలిగితే సైనైడ్ వదుల్తాది, చేదు రకాల్లో ఎక్కువ. తోలు తీసి, నానేసి, తురిమి, పిండి, ఎండబెట్టి తింటే కోట్లమంది దాంతోనే బతకతా ఉండారు. అట్ల చేసినా మిగిలిన కొంచెం సైనైడ్‌ను లివర్లో రోడనీజ్ అనే ఎంజైమ్ గంధకం అతికిచ్చి థయోసైనేట్‌గా మార్చి ఉచ్చలోకి తోసేస్తాది. ఆ గంధకం యాడ నుంచి వస్తాది? పప్పు, గుడ్డు, చేప, పాలు, అంటే ప్రోటీన్ నుంచి. 1981లో మొజాంబిక్‌లో కరువొచ్చింది, వేరే పంట లేదు, చేదు పెండలం ఒక్కటే, అది కూడా ఆకలికి ఓపిక లేక సరిగ్గా నానేయకుండా తిన్నారు, వెయ్యిమందికి పైన, ఎక్కువ ఆడోళ్ళు, పిల్లోళ్ళు, కాళ్ళు బిగుసుకపోయి నడవలేకుండా ఐపోయినారు. ఆ జబ్బును ఇప్పుడు కొంజో అంటారు. అదే గడ్డను కేరళలో చేపల కూరతో హాయిగా తింటారు. మన దేశంలోనే కేసరి పప్పు అట్ల, కరువులో అదొక్కటే నెలల తరబడి తిన్నోళ్ళకు కాళ్ళు పడిపోతాయని 1961లో అమ్మకం నిషేధించినారు. ఈ రెండు కథల్లో మనుషుల్ని పడేసింది ఒక్క గింజో ఒక్క గడ్డో కాదు నాయనా, దిక్కులేక అదొక్కటే తినాల్సి రావడం. నీకా గతి లేదు, మరి నువ్వెందుకు కావాలని చికెన్ గుడ్లు అని ఒక్కదాన్నే పట్టుకుంటావు?

వీడియోలో మిగిలినవి తొందరగా చెప్తా, రాత్రి పదకొండైంది. టమాటాలో ఆయన చెప్పిన ఆ ఇంకేదో పేరు టొమాటిన్, కాయ పండితే అది చాలావరకు పోతాది, మదనపల్లె మార్కెట్ నుంచి లారీలు లారీలు దేశమంతా పోతా ఉంటే తిన్నోళ్ళంతా పడిపోవాల్సింది కదా ఆయన లెక్కలో. పాలకూర ఉడికించి నీళ్ళు వంచేస్తే కరిగే ఆక్సలేట్ శానా పోతాది, పక్కన పెరుగుంటే కాల్షియం దాన్ని పేగులోనే పట్టేసుకుంటాది. రోజూ గ్లాసులు గ్లాసులు పచ్చి ఆకు జ్యూసు తాగి కిడ్నీలు పాడు చేసుకున్నోళ్ళ కేసులు మాత్రం జర్నల్స్‌లో ఉండాయి, నీ పాత గ్రీన్ జ్యూసు పిచ్చి గుర్తుపెట్టుకో. ఉర్లగడ్డ దగ్గర మాత్రం నేను ఆ టీషర్టాయన పక్కే. పచ్చబడింది, మొలకలొచ్చింది, నాలిక మీద మంటగా చేదుగా ఉండేది పారేయాల, ఉడకబెడితే సోలనిన్ పోదు. లండన్లో ఒక స్కూల్లో ముందు టర్మ్‌లో మిగిలిపోయిన మూట వండి పెడితే 78 మంది పిల్లోళ్ళు పడకేసినారు, 1979లో పేపర్ వచ్చింది దాని మీద, అందరూ కోలుకున్నారు. మీ కిచెన్లో సింకు కింద ఉండే ఉర్లగడ్డలు నేను వీడియో కాల్‌లో చూసినాను, కొమ్ములు మొలిచి ఉండాయి, రేపే పారేయ్.

ఇంకోటి, మిరపకాయ కారం కూడా మొక్క చేసుకున్న ఆయుధమే, పక్షులకు ఆ మంట తెలీదు, మనలాంటి జంతువులకే. ఆవాల ఘాటు అంతే. నువ్వు రోజుకు నాలుగు తాగే కాఫీలో కెఫీన్ పురుగుల్ని చంపడానికి చెట్టు చేసుకునేది. అది మానేస్తానని మాత్రం అనవు! బ్రోకలీ జాతిలో సల్ఫొరాఫేన్ అని ఒకటుంది, 1992లో జాన్స్ హాప్కిన్స్‌లో విడదీసినారు, అది లోపలికి పోతే ఒళ్ళు చిన్న బెదురు బెదిరి తన చెక్‌పోస్ట్ స్టాఫ్‌ను పెంచుకుంటాదంట. కొంచెం విషం తగిలితే ఒళ్ళు మేలుకుంటాది, అందుకని కావాలని తినమని కాదు, మన ముల్లంగి, క్యాబేజీ పప్పులోకి వేసుకుంటే చాలు.

శనివారం ఎదురింటి వాళ్ళ అల్లుడు పూణె వస్తా ఉండాడు, ఆయన దగ్గర మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పంపిస్తా ఉండా, కొత్త గాస్కెట్ వేయించినా. దాంట్లోనే ఒక సంచిలో ఎండు అనపగింజలు, చెనిక్కాయల పొడి, కొంచెం చింతపండు ఉండాయి. రాజ్మా అయినా అనపగింజలైనా రాత్రంతా నానేయ్, ఆ నీళ్ళు పారబోయ్, కొత్త నీళ్ళు పోయ్, కుక్కర్లో ఆరేడు విజిళ్ళు, తర్వాత సిమ్‌లో పది నిమిషాలు, దించి ఒక గింజ వేళ్ళతో నొక్కితే లోపల తెల్లటి పలుకు కనపడకూడదు. ఆ స్లో కుక్కర్ పారేయొద్దు, డబ్బు పెట్టి కొన్నారు కదా, ముందు గింజలు ప్రెషర్ కుక్కర్లో ఉడికినాక మసాలాలో మగ్గించడానికి దాంట్లో వేసుకోండి. మీ గుంటూరోడికి కూడా చూపించు, వాడికి ఇంకా భయంగా ఉందన్నావు, వాళ్ళమ్మ నెంబరు ఉంటే పంపు, ఒకసారి మాట్లాడతా.

వచ్చే ఆదివారం రాజ్మా పొయ్యి మీద పెట్టేటప్పుడు నాకు ఫోన్ చెయ్. మాట్లాడకపోయినా పర్లేదు, స్పీకర్లో పెట్టి గట్టు మీద పెట్టు, విజిళ్ళు నేను ఈడ నుంచి లెక్కపెట్టుకుంటా.

మీ అమ్మ

మీ నాయన ఇది మొత్తం చదివినాడు. జ్యూసు కథ తీసేయమంటాడు. తీయను.